కింది గొంతు

ఆగిరిపల్లి,
20 జూలై 1958.

ప్రియమైన డేవిడ్ రాజుకు,

వందనాలు. నువ్వు మద్రాసులో రైల్వే గూడ్సు ఆఫీసులో చేరి కుదురుకున్నావని మీ నాన్నగారు చెబితే తెలిసింది. ఒక కార్డు ముక్క నాకూ రాసి ఉంటే బాగుండేది. బోర్డింగు స్కూల్లో ఒకే కంచంలో తిన్నవాళ్ళం.

నువ్వు వెళ్ళాక ఇక్కడ జరిగిన పెద్ద సంగతి ఒకటే. మన పేట గుడిలో పాటల బృందాన్ని మీ నాన్నగారు నా చేతికి అప్పగించారు. మిగతా సంఘ పెద్దలకి పెద్దగా ఇష్టం లేదు. బడిలో ఎక్కాలు చెప్పుకునేవాడికి గుడి పాటలెందుకని అన్నారట. మీ నాన్నగారు మాత్రం, "వాడికి వస్తుంది, వాడు చేస్తాడు" అని ఊరుకున్నారు. ఆయన అలా అన్నాక ఇంకెవరు మాట్లాడతారు.

నేను చేయాలనుకుంటున్నది నీకు తప్ప ఎవరికి చెప్పినా అర్థం కాదు. బోర్డింగులో దొరసాని గారు ఇంగ్లీషు పాటల్ని నాలుగు గొంతులుగా విడదీసి మనచేత పాడించేవారు గదా. ఆ పద్ధతి మన రాగాలకి ఎందుకు కుదరదని అప్పటినుంచీ నా మనసులో ఉంది. ఇంగ్లీషు పాటకి తెలుగు మాటలు అతికించడం కాదు. మోహనంలోనో ఆనందభైరవిలోనో మన పాటే కట్టి, ఆడవాళ్ళ పై గొంతుకి ఒక వరస, కింది గొంతుకి ఒక వరస, మగవాళ్ళకి రెండు. విడివిడిగా వింటే నాలుగు, కలిస్తే ఒకటే పాట.

మొదటి ప్రాక్టీసులోనే జోజమ్మ లేచి, "మేష్టారూ, నలుగురం నాలుగు రకాలుగా పాడితే ముగ్గురం తప్పు పాడుతున్నట్టే కదండీ" అంది. అందరూ నవ్వారు. పాడి వినిపిస్తే తప్ప దానికి జవాబు లేదు.

వినిపిద్దామంటే ఆడవాళ్ళలో కింది గొంతు లేదు. అందరివీ పిట్ట గొంతులే. ఆ వరస కాగితం మీదే ఉండిపోయింది. కట్టిన పాటొకటి దీంతో పంపుతున్నాను. చూసి తప్పులు రాయి.

నీ
సువర్ణరాజు

*

మద్రాసు,
11 ఆగస్టు 1958.

ఒరేయ్ సువర్ణా,

కార్డు రాయనందుకు ఎంత తిట్టినా పడతాను. పొద్దుటినుంచీ సాయంత్రందాకా గోనె బస్తాల మధ్య కూచుని ఆవకాయకీ మామిడి తాండ్రకీ రసీదులు రాస్తున్నాను. మన నూజివీడు సరుకు వచ్చినప్పుడు మాత్రం కాస్త ఎక్కువసేపు దగ్గర నిలబడతాను. వాసన కోసం.

ఆదివారాలు ఇక్కడ పెద్ద చర్చిలో మగవాళ్ళ అడుగు వరస, బేసు, పాడుతున్నాను. అరవైమందిమి ఉంటాం. ఆర్గన్ మోగితే కిటికీ అద్దాలు అదురుతాయి. క్వయర్ మాస్టరు ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి. నవ్వగా ఎవరూ చూడలేదట.

నీ పాట చూశాను. మగవాళ్ళ పై వరసని తాటిచెట్టు ఎక్కించావు, దింపు. రెండో చరణంలో పై గొంతూ బేసూ పక్కపక్కనే, బీటు తిరిగే ఇద్దరు కానిస్టేబుళ్ళలాగా నడుస్తున్నాయి. వాటిని విడదియ్యి. మిగతాది బాగుంది. బాగుందని రాయడానికి కాస్త అసూయగానే ఉంది.

నాన్న ఎలా ఉన్నారు? ఆయన నాకు రాసే ఉత్తరంలో ఒక బైబిలు వాక్యం, దాని కింద సంతకం ఉంటాయి. అమ్మ పోయినప్పటినుంచీ అంతే. మనిషి సంగతి నువ్వే రాస్తూండు.

డేవిడ్

*

ఆగిరిపల్లి,
6 జనవరి 1959.

ఒరేయ్ డేవిడ్,

కింది గొంతు దొరికింది.

మన పేట దాటితే నారాయణరావు గారు కౌలుకి తీసుకున్న తోట ఉంది గదా. అక్కడ కావలి ఉండే మల్లయ్య భార్య, నాగమణి. నేను బడినుంచి వస్తుంటే ఆవిడ కుండతో చిన్న మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ ఏదో పాడుతోంది. ముందు మల్లయ్యే అనుకున్నాను. చూస్తే ఆడమనిషి. నలభై దాటి ఉంటాయి. నన్ను చూసి ఆపేసింది. పాడమంటే, "నాది మగగొంతండీ. పెళ్ళిళ్ళలో పాడబోతే పక్కకి నెట్టేవాళ్ళు. మా ఆయన తప్ప ఎవరూ వినరు" అంది. ఆ గొంతు కోసమే ఇన్నాళ్ళనుంచీ వెతుకుతున్నానని చెబితే, ఎగతాళి చేస్తున్నాననుకుంది. మల్లయ్యే, వెళ్ళి చూడమని పంపాడు.

చదువు రాదు. ఒకసారి వింటే మాత్రం మరచిపోదు. ఆవిడ పక్కన నిలబడ్డాక జోజమ్మకి కూడా నాలుగు వరసల సంగతి అర్థమైంది. "ఇది తప్పు కాదండీ, ఇల్లు కట్టినట్టుంది" అంది.

ఆవిడ గొంతు విన్నాకే 'తోటకాపరి' పాట కట్టాను. మాటలు కూడా నావే, దీంతో పంపుతున్నాను. పూత రాలుతోంది, పిందె రాలుతోంది, తోటలో ఎవరున్నారని మూడు గొంతులూ మాటిమాటికీ అడుగుతాయి. కింది గొంతు ఒక్కటే, "ఉన్నాను" అని అదే మాట పట్టుకుని ఉంటుంది. మొన్న క్రిస్మసుకి పాడాం. అయిపోయాక మీ నాన్నగారు బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు.

నాగమణి హిందువు. బాప్తిస్మం తీసుకోని మనిషి గుళ్ళో బృందంలో నిలబడటం ఏమిటని కొందరు పెద్దలు అంటున్నారు. సర్దుకుంటుందనుకుంటాను.

నీ
సువర్ణరాజు

*

మద్రాసు,
2 ఫిబ్రవరి 1959.

ఒరేయ్ సువర్ణా,

'కొందరు పెద్దలు' అని రాశావు. మన పేటలో పెద్దలు ఎంతమందో నాకు తెలుసు. ఆ మాట మా నాన్న అన్నారని రాయడానికి నీకు కలం ఆడలేదు. క్రిస్మసు నాడు భుజం మీద చెయ్యి వేసిన మనిషే ఇదీ అని ఉంటారు. పాట బాగుందనీ, పాడిన మనిషి అక్కడ ఉండకూడదనీ ఒకే రోజు అనుకోగలరు ఆయన.

నా మాట విను. ఆయనతో పంతానికి పోవద్దు. నేను పోయి చూశాను, మద్రాసులో తేలాను. ఆవిడకి నచ్చజెప్పి పంపించు. కింది వరస గొంతు మారుతున్న కుర్రాళ్ళచేత పాడించవచ్చు, ఇక్కడ అలాగే చేస్తారు. నీకు చేతినిండా కట్టవలసిన పాటలున్నాయి. ఒక మనిషి కోసం గుడినీ బృందాన్నీ పోగొట్టుకుంటే అవి ఎక్కడ పాడిస్తావు?

డేవిడ్

*

ఆగిరిపల్లి,
12 ఏప్రిల్ 1959.

ప్రియమైన డేవిడ్,

నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. నా మేలు కోరే రాశావు. అలా చేయలేకపోయాను.

మీ నాన్నగారు నన్ను పిలిచి, ఈస్టరు లోపల ఆవిడ బాప్తిస్మం అయినా తీసుకోవాలి, బృందం నుంచి తప్పుకోనైనా తప్పుకోవాలి అన్నారు. కోపంగా అనలేదు. నియమం చెప్పారు. తోటకి వెళ్ళి నాగమణికి ఉన్నదున్నట్టు చెప్పాను. మల్లయ్య కూడా ఉన్నాడు. నీ ఇష్టం అన్నాడు.

ఆవిడ చేతిలో కుండ కింద పెట్టింది. తరవాత, "దేవుడి కోసం పుచ్చుకోవాలనిపిస్తే పుచ్చుకుంటానండీ. పాట కోసం పుచ్చుకుంటే ఆయనకి అబద్ధం చెప్పినట్టు గదండీ" అంది.

అదే మాట మీ నాన్నగారికి చెప్పాను. ఆయన తల ఊపి, "తెలివైన మనిషి. అయితే తప్పుకోవాలి" అన్నారు. అయితే నేనూ తప్పుకుంటానన్నాను. ఈస్టరుకి గుళ్ళో పాత పద్ధతిలోనే అందరూ ఒకే వరస పాడారు. నేను వెనక బెంచీలో కూచుని, వాళ్ళతోపాటే పాడాను.

నాగమణి తనవల్లే ఇదంతా అయిందని బాధపడుతోంది. నేను ఎంత చెప్పినా వినడం లేదు.

సువర్ణరాజు

*

ఉంగుటూరు,
3 జూలై 1959.

ప్రియమైన డేవిడ్,

మిషన్ వారు నన్ను ఉంగుటూరు బడికి బదిలీ చేశారు. ఊరు బాగుంది. చుట్టూ వరిచేలు, కాలవ నీళ్ళు. మామిడి చెట్టు కనబడదు. పిల్లలు మంచివాళ్ళు. అద్దెకి ఉన్న గది పక్కనే బియ్యం మిల్లు, పగలంతా ఒకే శ్రుతిలో మోగుతుంది. కొత్తగా ఏమీ కట్టలేదు. ఆరోగ్యం బాగానే ఉంది.

సువర్ణరాజు

*

మద్రాసు,
19 జూలై 1959.

శ్రీ సువర్ణరాజు గారికి,

మీ ఉత్తరం అందింది. బదిలీ ఎలా అయిందో మీరు రాయలేదు. మా నాన్న రాశారు. మిషన్ బడుల మేనేజరు గారికి తానే సిఫార్సు చేశానని, బృందం వదిలేసినవాడు కళ్ళ ముందు తిరుగుతుంటే సంఘం రెండుగా చీలుతుందని, అందుకే పంపించానని ఒక పేజీ నిండా రాశారు. ఇన్నేళ్ళలో ఆయన నాకు రాసిన పెద్ద ఉత్తరం అదే. ఆయన దాచలేదు. మీరు దాచారు.

నన్నేం చెయ్యమంటావు? ఆయన చేసింది తప్పని నాకు తెలుసు. నువ్వు సంఘం ముందు ఆయన మాట తీసేశావు, అదీ తెలుసు. వెనక బెంచీలో కూచుని పాడావని రాశావు. నిన్ను అక్కడ చూస్తూ ఆయన ఆరాధన ఎలా చేశారో నువ్వు ఆలోచించలేదు. నాన్నకి రాద్దామంటే నీ తరఫున రాసినట్టవుతుంది, నీకు రాద్దామంటే ఆయన తరఫున రాసినట్టవుతుంది. ఇద్దరికీ రాయడం మానేస్తున్నాను.

డేవిడ్ రాజు

*

మద్రాసు,
28 డిసెంబరు 1962.

ప్రియమైన సువర్ణరాజుకు,

ఇన్నేళ్ళ తరవాత నా దస్తూరీ చూసి కంగారు పడకు. చెడ్డ కబురు కాదు.

ఈ క్రిస్మసుకి మా బృందం 'తోటకాపరి' పాడింది. దేశభాషల్లో పాటలు కావాలని మాస్టరు అడిగితే, నా పెట్టె అడుగునుంచి తీసి ఇచ్చాను. నిన్ను అడగకుండా ఇచ్చాను, ఏమీ అనుకోవద్దు. ఆయనకి తెలుగు రాదు. మాట మాటకీ అర్థం అడిగి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నెలంతా సాధన చేయించాడు. పాడిన రోజు చర్చి బయట మెట్ల మీద కూడా జనం నిలబడ్డారు. అయిపోయాక మాస్టరు నా దగ్గరికి వచ్చి, ఈ మనిషి ఇంకేం కట్టాడు అని అడిగాడు. తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

ఒక మాట మాత్రం నీకు చెప్పాలి. కింది వరస ఆరుగురు ఆడవాళ్ళు పాడారు. కాన్వెంటులో చదువుకున్నవాళ్ళు, ఒక్క స్వరం తప్పలేదు. 'ఉన్నాను' అన్న మాట స్పష్టంగా వినబడింది. కానీ అక్కడ ఎవరూ ఉన్నట్టు అనిపించలేదు. ఆవిడ గొంతు నేను వినలేదు. అయినా, లేకపోతే తెలుస్తుందిరా. కుర్రాళ్ళచేత పాడించమని రాశాను నీకు. అది గుర్తొచ్చి వెనక వరసలో నిలబడలేకపోయాను.

ఏం కట్టావో రాయి. మాస్టరు అడుగుతాడు.

డేవిడ్

*

ఉంగుటూరు,
30 జూన్ 1963.

ఒరేయ్ డేవిడ్,

నీ ఉత్తరం వచ్చి ఆరు నెలలైంది. చెప్పడానికి ఏదైనా ఉన్నప్పుడు రాద్దామని ఆగాను.

ఉంగుటూరు వచ్చాక దాదాపు మూడేళ్ళు నిజంగానే ఏమీ కట్టలేదు. మనుషుల గొంతులు మనసులో పెట్టుకుని కట్టడం అలవాటైంది నాకు. ఆ మనుషులు దగ్గర లేకపోతే వరసలు రావడం లేదు. కిందటేడు వేసవి సెలవల్లో ఆగిరిపల్లి వెళ్ళి, నారాయణరావు గారి ప్యాకింగు షెడ్డు దగ్గర ఆగాను. ఆడవాళ్ళు ముప్ఫై మంది దాకా కూచుని రసాలు ఒకవైపు, బంగినపల్లి ఒకవైపు ఏరి, గడ్డి పరిచి గంపల్లో సర్దుతున్నారు. నాగమణి మధ్యలో కూచుని మన పాటే పాడుతోంది. పక్కనున్నవాళ్ళు పై వరసలు అందుకుంటున్నారు. మూడేళ్ళనుంచీ ఆవిడే వాళ్ళకి నేర్పుతోందట. ఎవరూ చెప్పలేదు నాకు.

అప్పటినుంచీ ఆ షెడ్డు కోసమే కడుతున్నాను, ఆదివారాలూ సెలవలూ అక్కడే. ఎండ మీద ఒకటి, గాలివాన మీద ఒకటి, లారీ బయల్దేరేటప్పుడు పాడేది ఒకటి. దేవుడి పేరు కొన్నింట్లో ఉంది, కొన్నింట్లో లేదు. పేటనుంచి జోజమ్మా వాళ్ళూ వస్తున్నారు. ఎవరు ఏ గుడికి వెళ్తారని అక్కడ ఎవరూ అడగరు. పని కుంటుపడుతుందని నారాయణరావు గారు మొదట సణిగారు. ఇప్పుడు ఆయనే కుర్చీ వేసుకుని కూచుని, నిన్నటి పాట మళ్ళీ పాడించమంటున్నారు. మొన్న బెజవాడనుంచి రేడియో వాళ్ళు మిషను తెచ్చి మూడు పాటలు రికార్డు చేసుకున్నారు. అందరి పేర్లూ చదవమన్నాను. అంత టైము ఉండదు, షెడ్డు పేరు చదువుతామన్నారు. సరేనన్నాను.

మీ నాన్నగారు బాగా తగ్గిపోయారు. అరుగు మీద మంచం వేసుకుని ఉంటున్నారు. జోజమ్మ అన్నం పెట్టి వస్తోంది. షెడ్డులో పాడేది అక్కడికి వినబడుతుంది. నేను అటు వెళ్తూ నమస్కారం పెడితే చెయ్యి ఎత్తుతారు, మాట్లాడరు. నువ్వు ఆయనకి రాయి. నాకు రాయకపోయినా ఆయనకి రాయి.

నీ
సువర్ణరాజు

*

ఆగిరిపల్లి,
23 మే 1965.

ప్రియమైన డేవిడ్,

నువ్వు డ్యూటీ మీద అరక్కోణం వెళ్ళావని, మా తంతి నీకు అందేసరికి ఆలస్యమైందని నీ తిరుగు తంతి చూసి తెలిసింది. ఈ ఎండల్లో మీ నాన్నగారిని నువ్వు వచ్చేదాకా ఉంచలేకపోయాం. నువ్వు చూడలేనిది నీకు చెప్పవలసిన బాధ్యత నాది.

పోవడానికి వారం ముందు ఆయన జోజమ్మచేత నాకు కబురు పంపారు. వెళ్ళి మంచం పక్కన కూచున్నాను. ఆరేళ్ళ తరవాత మాట్లాడటం. షెడ్డులో పాడేవన్నీ నువ్వు కట్టినవేనా అని అడిగారు. అవునన్నాను. కొన్నింట్లో దేవుడి పేరు లేదేం అన్నారు. లేదండి అన్నాను. తరవాత ఇలా అన్నారు:

"తోటకాపరి పాట కూడా పాడుతున్నారు. వింటున్నాను. నన్ను పూడ్చేటప్పుడు అది పాడించు."

"అందరిచేతా అండీ?"

"అందరూ లేకుండా ఎలా పాడతారు? ఆ కింది వరస లేకపోతే అది పాటేనా?" ఆయాసం తీరాక మళ్ళీ అన్నారు. "గుళ్ళో పాడకూడదన్న మాట మీద నేనిప్పటికీ ఉన్నాను. మార్చుకున్నానని ఎవరికీ చెప్పకు. సమాధుల తోటకి ఆ నియమం లేదు. అంతే."

చెప్పవద్దన్నది ఎవరికీ చెప్పలేదు. నువ్వు కొడుకువి గనక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నీ గురించి కూడా అడిగారు. వాడు ఇంకా పాడుతున్నాడా అన్నారు. పాడుతున్నాడు, ఉత్తరం కూడా రాశాడు గదండీ అంటే, రాశాడు అని కళ్ళు మూసుకున్నారు. నువ్వు రాసినవి దిండు కింద ఉన్నాయి. నీకోసం దాచి ఉంచాను.

ఆయన పోయిన రోజు నాగమణి దగ్గరికి వెళ్ళాను. గంపలో గడ్డి పరుస్తోంది. చెప్పాక కూడా చెయ్యి ఆపలేదు. కాసేపటికి, "ఆయన నోటితోనే అన్నారా అండీ?" అంది. అన్నారన్నాను. "పేరు పెట్టి అన్నారా?" లేదు, కింది వరస అన్నారని నిజమే చెప్పాను. గంప నిండేదాకా కాయలు సర్దింది. మూత కట్టి పక్కకి జరిపి, "పోనీలెండి. పాడతాను" అంది. ఆవిడ మనసులో ఏముందో నాకు తెలీదు. అడగలేదు.

సంఘం వాళ్ళు ఒకవైపు, షెడ్డు ఆడవాళ్ళు చెంగులు కప్పుకుని ఇంకోవైపు నిలబడ్డారు. నారాయణరావు గారు గొడుగు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డారు. పాస్టరు గారు ప్రార్థన చేసి, నా వైపు చూశారు. పాడాం. తోటలో ఎవరున్నారని పై గొంతులు అడిగినప్పుడు, ఆవిడ "ఉన్నాను" అంది. నేను కట్టినదానికంటే నెమ్మదిగా, ఊపిరి చివరిదాకా పట్టుకుంది. రెండో చరణానికి సంఘం వైపునుంచి కూడా పాత బృందం వాళ్ళు అందుకున్నారు. నేను చెయ్యి ఊపడం మానేశాను. వాళ్ళకి నాతో పని లేదు. అంతవరకూ ఏడవనివాడిని అప్పుడు ఏడ్చాను.

అందరూ మట్టి వేస్తున్నారు. నాగమణి గుప్పెట్లో మట్టి పట్టుకుని, "వెయ్యచ్చా అండీ" అని నన్ను అడిగింది. నేను చెప్పేలోపలే పాస్టరు గారు తప్పుకుని దారి ఇచ్చారు. వేసింది. చేతులు దులుపుకుని, సాయంత్రం లోడు ఉందని షెడ్డుకి వెళ్ళిపోయింది.

మీ ఇంటి తాళం జోజమ్మ దగ్గర ఉంది.

నీ
సువర్ణరాజు

*

మద్రాసు,
14 జూన్ 1965.

ఒరేయ్ సువర్ణా,

నీ ఉత్తరం అందింది. చాలాసార్లు చదివాను. ఇంకా దానిమీద ఏమీ రాయలేను.

బెజవాడ గూడ్సు ఆఫీసుకి బదిలీ అడిగాను. వచ్చే నెలలో వస్తుందంటున్నారు. హోదా కాస్త తగ్గుతుంది. పర్వాలేదు. నాన్న ఇంట్లోనే ఉండి, బస్సు మీద వెళ్ళి వస్తాను.

కాయ అయిపోయినా ఆదివారం సాయంత్రాలు షెడ్డులో పాడుకుంటారని జోజమ్మ రాయించింది. మీకు బేసు పాడేవాళ్ళు ఇద్దరే ఉన్నారట. నన్ను చేర్చుకుంటావా?

చేర్చుకునే ముందు ఒక పని చెయ్యి. నేనెవరి కొడుకునో నాగమణి గారికి చెప్పు. ఆవిణ్ణి పంపించెయ్యమని నీకు నేను రాసిన సంగతి కూడా చెప్పు. దాచుకుని ఆవిడ పక్కన నిలబడలేను. ఆవిడ వద్దంటే నాకేం కోపం రాదు. అరుగు మీద కూచుని వింటాను.

డేవిడ్

*

ఆగిరిపల్లి,
20 జూన్ 1965.

డేవిడ్,

కార్డు మీద పట్టేంత జవాబే గనక కార్డు రాస్తున్నాను. రెండు సంగతులూ చెప్పాను. నాగమణి విని, "ఆయన గొంతెలాంటిదండీ?" అని అడిగింది. బాగా కిందికి వెళ్తుందన్నాను. "అయితే నా వెనకాల నిలబెట్టండి. అక్కడ ఎవరూ లేక నాకు వెలితిగా ఉంటోంది" అంది.

వచ్చెయ్యి.

సువర్ణరాజు